తొలేళ్లకి వచ్చేవాళ్లు

మా పిన్ని ఫోన్ చేసిందంటే మొదట వినబడేది ఒకటే మాట. "ఏటీ లేదురా, ఊరికే చేశాను." నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతిలో పని ఆపకుండానే ఊఁ కొడుతుంటాను. హైదరాబాదులో ఎండలెలా ఉన్నాయంటుంది. పాలు లీటరెంతకి పోస్తున్నారంటుంది. పక్కింటివాళ్ల గేదె ఈనింది, మళ్లీ దున్నపోతు దూడే అని జాలిపడుతుంది. ఇవన్నీ అయి, ఇక పెట్టేస్తుందిలే అని నేననుకునే వేళకి, "మరేం, మన వెనకింటి గోడ వానలకి కూలిపోనాది" అంటుంది. అదీ సంగతి. గోడ కూలిన వార్త గేదె మీద నుంచి, పాల మీద నుంచి, హైదరాబాదు ఎండ మీద నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి చేరుతుంది. నిజంగా ఏమీ లేని రోజున ఆవిడ ఎప్పుడూ "ఏటీ లేదు" అనలేదు. ఏమీ లేకపోతే నేరుగా తిట్లతోనే మొదలుపెడుతుంది, నెల్లాళ్లుగా ఫోన్ చెయ్యలేదని.

ఈమధ్య ఆ మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. ఏమీ లేదు అంటే ఏదో ఉంది అని అర్థం ఎలా అయింది? పిన్ని ఒక్కతే కాదు, వింటూ పోతే అందరూ అంటున్నారు. "ఏం లేదు సార్, ఒక చిన్న విషయం" అంటూ గదిలోకి వచ్చిన కుర్రాడు రాజీనామా చేతిలో పెట్టి వెళ్లాడు. "ఏం లేదండీ, ఓ పరీక్ష చేయించుకుంటే మంచిది" అని డాక్టరు అన్నప్పుడే కదా మనకి చెమటలు పట్టేది. "ఏం లేదు బావా" అని మొదలుపెట్టిన వాడికి ఐదువేలు తక్కువ కాకుండా కావాలి. అసలు విషయానికి ముందు వచ్చేదాన్ని పిలవడానికి మనకి బోలెడన్ని పేర్లున్నాయి: ముందుమాట, తొలిపలుకు, మున్నుడి, పీఠిక, ఉపోద్ఘాతం, ప్రస్తావన, అవతారిక, నాంది. ఇన్ని ఉండగా నోట్లో రోజూ నానేది మాత్రం ఏ పేరూ లేని ఈ "ఏం లేదు". నిఘంటువులో దీన్ని ఉపోద్ఘాతానికి పర్యాయపదంగా ఎవరూ ఎందుకు వెయ్యలేదో అని నాకు నవ్వొస్తుంది.

నవ్వు ఆగిపోయింది మాత్రం పోయిన వారం ఫోనులో. "ఏటీ లేదురా. అమ్మవారి పండక్కి ఎప్పుడు బయల్దేరతన్నావు?" అంది పిన్ని. సోమవారం ఆఫీసులో తప్పించుకోలేని పని ఉంది. ఆ రాత్రి రైలెక్కి మంగళవారం పొద్దున్నకి విజయనగరంలో దిగుతానని, సిరిమాను లేచే వేళకి ఎలాగూ ఉంటాను కదా అని చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చాలా మామూలు గొంతుతో, "సిరిమానుకి లోకమంతా వస్తాదిరా. తొలేళ్లకి ఇంటోళ్లొస్తారు" అని పెట్టేసింది. కోపంగా అని ఉంటే బతిమాలుకునేవాణ్ణి. ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది.

మా వైపు కాని వాళ్లకి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. (చూశారా, నేనూ ఉపోద్ఘాతంలో పడ్డాను.) విజయనగరం పైడితల్లమ్మకి విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం సిరిమాను సంబరం జరుగుతుంది. యాభై అరవై అడుగుల చింతమాను చివర ఆసనం కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి, మూడులాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఈ అమ్మవారి కథ బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నాటిది. సిరిమాను ముందు పాలధార నడుస్తుంది, అంజలి రథం నడుస్తుంది, తెల్ల ఏనుగు నడుస్తుంది, బెస్తవారి వల నడుస్తుంది. అంటే అసలైన రోజున కూడా అసలైనదానికి ముందు ఇన్ని ఉంటాయి. ఆ మంగళవారానికి ముందు రోజు సోమవారం. దాని పేరే తొలేళ్లు. శంబర పోలమాంబ జాతరకీ ఇదే వరస: సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, బుధవారం అనుపు. మాటలోని "తొలి" చెవికి స్పష్టంగా అందుతుంది. మిగతా సగాన్ని పండితులకి వదిలేశాను.

తొలేళ్లంటే నాకు గుర్తున్నది ఒక రాత్రి. నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఘటాలు కదులుతున్నాయి, డప్పులు ఎక్కడో దగ్గరై ఎక్కడో దూరమవుతున్నాయి. ఆ రాత్రి గుడి దగ్గర రైతులకి విత్తనాలిస్తారు. ఇంటికి పట్టుకెళ్లి తమ విత్తనాల్లో ఆ గింజలు కలుపుకుంటే పంట పండుతుందని నమ్మకం. మా చిన్నాన్న వాటికోసం తువ్వాలు చాచి నిలబడ్డాడు. పిన్ని ఆ తువ్వాలు కొంగున ముడేసుకుంది. ఇంటికొచ్చాక దీపం దగ్గర విప్పి చూస్తే గుప్పెడు కూడా లేవు. వాటిని వేళ్లతో విడదీసి, పొట్టు ఊది, పొద్దుట గాదెలో పొయ్యడానికని చాటలో ఒక మూలకి జరిపింది. ఆ మర్నాడు సిరిమాను చూశానో లేదో నిజంగా గుర్తులేదు. చూసే ఉంటాను, అంత జనంలో ఎవరి భుజాల మీదో కూర్చుని. గుర్తున్నది చాటలో మూలకి జరిపిన ఆ నాలుగు గింజలే. జ్ఞాపకానికి అసలు ఏదో కొసరు ఏదో తెలియదా, లేక మనకే తెలియదా?

ఉత్తరాల కాలంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఇంకో మాట కూడా తలుపు తడుతోంది. మా తాతయ్య పసుపురంగు పోస్టుకార్డు మీద రాసే ప్రతి ఉత్తరమూ "ఉభయకుశలోపరి" అన్న చోట మలుపు తిరిగేది. అంటే ఇటు మేమూ అటు మీరూ క్షేమం అన్న మాట అయ్యాకే తక్కినదంతా. ఎంత మర్యాదైన గుమ్మం అది! ఇద్దరి క్షేమమూ దాటకుండా విషయంలోకి ఎవరికీ ప్రవేశం లేదు. తాతయ్యతో వచ్చిన చిక్కేమిటంటే ఆ గుమ్మంలోనే ఆయన చాలాసేపు నిలబడిపోయేవాడు. ఆవు సంగతి, అరుగు సంగతి, పూజారి గారి మోకాలి సంగతి రాసేసరికి కార్డు నిండిపోయేది. అసలు విషయం, అంటే డబ్బు పంపమనో పెళ్లిసంబంధం వచ్చిందనో, కార్డు అంచున నిలువుగా, చీమల బారులాగా, చిరునామా పక్క దాకా పాకేది. కార్డు తిప్పుకుంటూ మెడ వంచి చదువుకునేవాళ్లం. జాగా చాలక అలా రాశాడనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, డబ్బు అడగడానికి ఆయనకి అంచే తగిన చోటనిపించిందేమో.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడేది టెలిగ్రాం. మాటకింత అని లెక్కకట్టి పుచ్చుకునేవాళ్లు కాబట్టి అక్కడ ఉభయకుశలోపరికి చోటు లేదు, ఏం లేదుకీ చోటు లేదు. "ఫలానావారు పోయారు, బయల్దేరండి." అంతే. టెలిగ్రాం అన్న కేక వీధిలో వినబడగానే విప్పకముందే ఏడుపు అందుకునేవాళ్లని చూశాను. ఒకసారి విప్పితే ఉద్యోగం వచ్చిన వార్త. ఏడుపు మధ్యలో ఆపడానికి ఎవరికీ చాతకాలేదు. ఆ కాగితం భయపెట్టింది విషయంతో కాదు, విషయానికి ముందు ఏమీ లేకపోవడంతో. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం మూతపడ్డప్పుడు అందరూ జ్ఞాపకాలు రాసుకున్నారు. నాకు మాత్రం ఇప్పుడది తలచుకుంటే పిన్ని చెప్పిన గేదె గుర్తొస్తోంది. గోడ కూలిన వార్త నా మీద పడకుండా ఆ గేదె అడ్డు నిలుచుంది కదా. మెత్తగా చెప్పడమంటే అదే. "చావు కబురు చల్లగా చెప్పాడు" అని మనం వెక్కిరింపుగా వాడతాం గానీ, వేడిగా చెబితే తట్టుకునేవాళ్లెవరు?

పేర్ల దగ్గరికి మళ్లీ వస్తాను. ఒక్కొక్క పేరూ చేతిలోకి తీసుకుని చూస్తే, దాన్ని పెట్టినవాడికి "ముందు" అంటే ఏం కనిపించిందో తెలుస్తుంది. పీఠిక అన్నవాడికి విగ్రహం కింది పీట కనిపించింది. పీట వెయ్యకుండా దేవుణ్ణి కూర్చోమనలేం. భూమిక అన్నవాడికి కాలి కింది నేల. అవతారిక అన్నవాడికి మెట్లు దిగిరావడం. మున్నుడి అన్నవాడు ఆడంబరం లేనివాడు, ముందు చెప్పే మాట అని ఊరుకున్నాడు. ఉపోద్ఘాతంలో మాత్రం నాకెప్పుడూ ఒక "ఘాతం" వినబడుతుంది, అరవై నాలుగు పేజీల కవితా సంపుటికి ఇరవై పేజీల ముందుమాటలు వేయించుకున్న ఒక మిత్రుడి పుస్తకం చూసినప్పుడు మరీను. అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది నాంది. సంతోషపడటం అనే ధాతువులోంచి పుట్టిన మాట. పత్రికలవాళ్లు దీన్ని "నాంది పలికారు" అని ఎక్కడపడితే అక్కడ వాడి అరగదీశారు గానీ, పెళ్లికి ముందు నాంది పెట్టే ఇంట్లో చూడండి. పోయిన పెద్దల్ని పేరుపేరునా పిలుస్తారు. తద్దినం నాటి బరువుతో కాదు, ఇంట్లో శుభకార్యం జరుగుతోంది, మీరూ రండి అన్నట్టు. ముహూర్తానికి ఊరంతా వస్తుంది. నాందికి వచ్చేది తాతలూ ముత్తాతలూ. పిన్ని అన్నది ఇదే కదా?

అనుకుని, పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్లాను. మన పాత కావ్యాలకి అవతారిక ఉంటుంది. ఇష్టదేవతలకి దండాలు, పూర్వకవులకి దండాలు, చెడ్డ కవులకి చీవాట్లు, కృతి పుచ్చుకునేవాడి వంశవర్ణన, షష్ఠ్యంతాలు. చదువుకునే రోజుల్లో ఇదంతా దాటేసి కథలోకి దూకేవాణ్ణి. ఇప్పుడు చూస్తుంటే కవి మనిషిగా కనబడే చోటు అదొక్కటే. నన్నయకి భారత రచనలో నారాయణభట్టు తోడున్నాడన్న సంగతి మనకి తెలిసింది అవతారిక వల్లే. తిక్కన విరాటపర్వం మొదట్లో కలలోకి వచ్చేది తండ్రి కొమ్మన. హరిహరనాథుడి మాట మోసుకొచ్చింది దేవదూత ఎవరూ కాదు, నాన్న. కావ్యంలోకి వెళ్లాక విరాటుడూ కీచకుడూ వస్తారు, వాళ్లు అందరివాళ్లు. తండ్రి మాత్రం గుమ్మం దగ్గరే ఉంటాడు. కవుల కాలాలూ ఊళ్లూ బంధువులూ తేల్చడానికి సాహిత్య చరిత్రకారులు ఇప్పటికీ వెతుక్కునేది అక్కడే.

ఆముక్తమాల్యద మాటేమిటి? అది గోదాదేవి రంగనాథుణ్ణి చేపట్టిన కథ. ఆ కథని మొదటి నుంచి చివరి దాకా చదివిన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో చేతులెత్తమంటే నా చెయ్యి కూడా సగమే లేస్తుంది. కాని తెలుగు గొప్పదనం గురించి మనం ప్రతి సభలోనూ అప్పజెప్పే పద్యం ఆ పుస్తకంలోనిదే, అదీ అవతారికలోనిది. కళింగ దండయాత్రకి వెళుతూ రాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉంటే, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి కావ్యం తెలుగులోనే రాయమన్న సందర్భం. (మా ఉత్తరాంధ్ర శ్రీకాకుళం అనుకుని మేం చిన్నప్పుడు గర్వపడేవాళ్లం. ఎవరూ సరిదిద్దలేదు.) మహాప్రస్థానం సంగతీ అంతే. చలం దానికి యోగ్యతాపత్రం రాసింది 1940లో, పుస్తకం అచ్చయింది 1950లో. ముందుమాట పదేళ్లపాటు తన పుస్తకం కోసం ఎదురుచూసింది. నాకు తెలిసిన ఒకాయన అందులో కవితలు ముక్కలు ముక్కలుగా చెబుతారు గానీ, యోగ్యతాపత్రం మాత్రం నీళ్లు నమలకుండా ఒప్పజెబుతారు.

కాళిదాసు ఇంకో అల్లరి చేశాడు. శాకుంతలంలో నాంది అయ్యాక సూత్రధారుడు వచ్చి నటిని పిలిచి వేసవి మీద ఒక పాట పాడమంటాడు. ఆమె పాడుతుంది. ఆ పాటలో పడి, ఇంతకీ ఈరోజు మనం ఏ నాటకం ఆడాలి అని అడుగుతాడు. ఇప్పుడే కదా చెప్పారు అంటుంది ఆమె. మరచిపోయాను, నీ పాట లాక్కుపోయింది, అదిగో ఆ లేడి దుష్యంతుణ్ణి లాక్కుపోయినట్టు అంటాడు. అంతలో లేడి వెంట రాజు వేదిక మీదికి వచ్చేస్తాడు. మరపు మీద నడిచే నాటకానికి మరపుతోనే తలుపు తీశాడు. చూసేవాళ్లకి ఆ క్షణాన అది తెలియదు. ఉంగరం పోయిన తర్వాత, రాజు శకుంతలని ఎరగనన్న తర్వాత, మొదట్లో నవ్విన నవ్వు గొంతుకి అడ్డం పడుతుంది. మంచి ప్రస్తావన కథ అంతా అయ్యాక మళ్లీ ఒకసారి జరుగుతుంది.

కూచిపూడి భామాకలాపంలో ఇంతకంటే పొగరుంది. తెర పట్టుకుని ఇద్దరు నిలబడతారు. సత్యభామ తెర వెనకే. ముఖం కనబడదు, మాట వినబడదు. ముందుగా జడ వస్తుంది. తెర మీదుగా ఇవతలకి విసిరిన నల్లటి పొడుగాటి జడ, జడబిళ్లలతో, కుప్పెలతో. నన్ను మించినవాళ్లుంటే రండి అని సభకి సవాలు అట అది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి తరం దాకా ఆ జడ మగవాడి తలదే. మనిషి రాకముందే మనిషి తాలూకు అహంకారం వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ప్రవేశ దరువు, ఆ తర్వాత తెర తొలగడం. తొలగాక కనబడే భామ ఎంత అందగత్తె అయినా, జడ చూస్తూ మనం ఊహించుకున్న భామకి కొంచెం బాకీ పడుతుందేమో.

తెర అనగానే మా ఊరి టూరింగ్ టాకీసు. ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో మొదలైందంటే ఊళ్లో సగం ఇళ్లలో అన్నాలు వేగంగా ముగిసేవి. చెయ్యి కడుక్కుని పరుగెత్తితే టిక్కెట్టు దొరికి, ఇసకలో జాగా చూసుకుని, పేర్లు పడేసరికి కూర్చోవచ్చు. ఆ పాట సినిమాలోది కాదు, కాని అది లేకుండా నాకు ఏ సినిమా మొదలయ్యేది కాదు. ఇప్పుడు ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్ అని వరసగా దిగుతున్నాయి. ట్రైలర్ అన్న మాట మా రైతులకి ఎప్పుడో తెలుసు, ట్రాక్టరు వెనక తగిలించేది. వెనకుండేది ముందెలా వచ్చిందని అనుమానం రావలసిందే. అమెరికాలో మొదట్లో వాటిని సినిమా అయ్యాక చివర్న వేసేవారట, పేరు అక్కడ అంటుకుంది. మన హాళ్లలో సినిమాకి ముందు పొగతాగవద్దని వేసిన ప్రకటనలో మొదటి వాక్యం జనం నోళ్లలో ఎంత నానిందంటే, 2018లో "ఈ నగరానికి ఏమైంది" అని దాని పేరుతోనే సినిమా వచ్చింది. అసలు కంటే ముందు వచ్చింది తెర మధ్యలోకి నడిచొచ్చి అసలైపోయింది. అయితే ఈ కొత్త పేర్లలో నాకొక తేడా తోస్తుంది. టూరింగ్ టాకీసు పాట మనల్ని భోజనం ముగించమంది. టీజర్ ఊరిస్తుంది, అంతే. పీట వెయ్యదు, నేల చదును చెయ్యదు, కూర్చోమనదు.

ఇదంతా రాసుకుంటూ, ముందువన్నీ మంచివి, అసలువన్నీ బోలువి అనే దాకా వచ్చేశానా అని భయమేసింది. అలా అయితే మా ఊరి పొలిమేరలో ఉన్న శిలాఫలకం ఊరుకోదు. వంతెనకి శంకుస్థాపన చేసిన రాయి అది. చుట్టూ తుమ్మచెట్లు మొలిచాయి, పేర్ల మీద సున్నం కారింది, మేకలు ఒళ్లు రుద్దుకుంటాయి. వంతెన లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నవాళ్ల కథలూ తక్కువ కాదు. ఒక తొలకరి వాన నమ్మి విత్తనాలు చల్లి, తర్వాత ఇరవై రోజులు ఆకాశం వైపు చూస్తూ మొలకలు మాడిపోతుంటే మా చిన్నాన్న గట్టు మీద కూర్చున్న ఏడు నాకు తెలుసు. గుడి దగ్గరి గింజలు కలిపిన విత్తనాలే అవి. మాట ఇచ్చి తప్పిన ఆరంభం, అసలు ఆరంభమే కాకపోవడం కంటే పాపం.

ఇంకొకటుంది, దాన్ని తప్పించుకుని ఇంత దూరం వచ్చాను. తొలేళ్లకి ఇంటోళ్లొస్తారు అంటే, ఎవరు ఇంటివాళ్లో కూడా అక్కడే తేలిపోతుంది. మా చెల్లి పెళ్లి చిన్నాన్న పోయిన మరుసటేడు జరిగింది. తెలుగు పెళ్లిలో ముహూర్తమంటే జీలకర్ర బెల్లం, తాళి తర్వాతిది. అడ్డుతెర దించే ఆ క్షణానికి వచ్చినవాళ్లలో సగం మంది భోజనాల వరసలో ఉంటారు. వాళ్లు లోకం. పందిరి రాట వేసిన నాడూ, పసుపు దంచిన నాడూ ఉన్నవాళ్లే ఇల్లు. పసుపు దంచే రోజున రోటికి సున్నం బొట్లు పెట్టి, రోకలికి మామిడాకులు కట్టి, ముత్తయిదువులు చుట్టూ చేరారు. పిన్ని లేదు. వెతికితే వెనక వసారాలో కూర్చుని ఉంది. పసుపు కొమ్ములన్నీ ముందురోజే ఏరి, మట్టి దులిపి, పుచ్చినవి తీసేసి చాటలో పోసి ఉంచింది ఆవిడే. ఆ చాట నా చేతికిచ్చి పట్టుకెళ్లమంది. నువ్వు రావేం పిన్నీ అన్నాను, తెలియని వయసు కాదు, ఇరవై నాలుగేళ్లవాణ్ణి. "ఏటీ లేదురా, కాళ్లు లాగుతున్నాయి" అంది. ఆ "ఏటీ లేదు" తర్వాత రావలసిన మాట రాలేదు. నేను ఎదురుచూడలేదు కూడా. చాట పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. ఆ మూడు రోజుల్లో ఆవిడ అందరికీ కనబడింది ముహూర్తం నాడే, కుర్చీల చివరి వరసలో, దూరపు చుట్టాల పక్కన.

అమ్మవారి తొలేళ్ల రాత్రి మాత్రం పిన్నిని పక్కకి తప్పుకోమన్నవాళ్లు ఇంతవరకూ లేరు. చిన్నాన్న పోయాక గింజల కోసం తువ్వాలు చాస్తున్నది ఆవిడే. పొలం ఇప్పుడు కౌలుకిచ్చారు, అయినా వెళుతుంది. ఆ గింజలు కౌలుదారుకి ఇచ్చి విత్తనాల్లో కలపమంటుంది, అతను కలుపుతాడో లేదో అడగదు. ఫోనులో ఆ మాట అన్నప్పుడు దాని వెనక ఈ వసారా ఉందని నాకెందుకు వెంటనే తట్టలేదు? పండగ గురించి అంటోంది అనుకున్నాను. ఆఫీసు పని, సెలవు, రైలు వేళ, ఇవన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆవిడ నోటి "ఏటీ లేదు"కి అర్థం ఇన్నేళ్లుగా తెలిసినవాణ్ణి, ఆ ఒక్కసారి పైపైన విన్నాను.

నిన్న ఆఫీసులో అడిగాను. ఏం లేదు సార్ అనే మొదలుపెట్టాను. ఆయన ముఖంలో కంగారు చూసి, రాజీనామా కాదు లెండి అన్నాక ఇద్దరం నవ్వుకున్నాం. మంగళవారం పొద్దున్న దిగే టిక్కెట్టు రద్దు చేశాను. ఆదివారం రాత్రి రైలుకి వెయిటింగ్ లిస్టులో పదకొండో నంబరు దొరికింది. ఈ పదకొండు ఎప్పటికి ఒకటవుతుందో, ఆదిలోనే హంసపాదు కదా అనుకుంటూ పిన్నికి ఫోన్ చేశాను. రెండు మోగులకే ఎత్తింది.

"ఏం లేదు పిన్నీ, ఊరికే చేశాను" అన్నాను. హైదరాబాదులో వాన పడుతోందన్నాను. పాలు రెండు రూపాయలు పెరిగాయన్నాను. దున్నపోతు దూడ ఎలా ఉందని అడుగుదామని నోరు తెరిచేలోగా, అవతల నుంచి బిందె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"సోమారం ఎన్నింటికి దిగుతావురా?" అంది. "ఒక తువ్వాలు ఉతికి పెడతాను."